డెబ్బై ఆరో మైలు కోతి

భీమశంకరం నోట ‘తెలీదు’ అన్న మాట ఖరగ్‌పూర్‌లో ఎవరూ వినలేదు. వర్క్‌షాపు ఆఫీసులో ఆయన హెడ్ క్లర్కు. సెలవులు, బదిలీలు, చార్జిషీట్లు ఏవైనా సరే ఆయన బల్ల మీదుగా పోవలసిందే. అది వారంలో ఆరు రోజుల పని. ఏడో రోజు, ఆదివారం పొద్దున్న, పూరీ గేట్ దగ్గరున్న తెలుగు రీడింగ్ రూము వరండాలో పడక్కుర్చీ వేయించుకుని, అడిగినవాళ్లకు అడిగిన మాట పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవాడు. మొదటి పనికి జీతం వచ్చేది. రెండో పనికి నమస్కారాలు వచ్చేవి. ఆయనకు రెండోదే ఇష్టం.

ఆ ఊళ్లో కొత్త మాటలకు లోటు లేదు. తెలుగువాళ్లు, బెంగాలీలు, ఒడియావాళ్లు, బీహారీలు ఒకే ఇనుమును నాలుగు పక్కల నుంచి కొడుతుంటే రవ్వలతో పాటు మాటలు కూడా లేచేవి. పెళ్లాం పుట్టింటికి వెళ్తే మొగుడు ‘లూప్‌లైన్లో ఉన్నాడు’. నీరసంగా కూర్చున్నవాడికి ‘ఆవిరి తగ్గింది’. ఎక్కడికైనా కలిసి తిరిగే ఇద్దరు స్నేహితులు ‘ఫిష్‌ప్లేటు’. రెండు పట్టాలను కలిపి బిగించే ఇనప బద్దను ఫిష్‌ప్లేటు అంటారని ఊళ్లో చంటిపిల్లకు కూడా తెలుసు. కానీ కళ్లెదుట కనబడేదాన్ని చెప్పడం పాండిత్యం కాదని భీమశంకరం అభిప్రాయం. 1912లో బాలాసోర్‌లో ఒకరి మొహం ఒకరు చూసుకోని ఇద్దరు గార్డులు వరదల్లో చిక్కుకుని మూడు రోజులు ఒకే పళ్లెంలో చేపల కూర తిన్నారనీ, నాలుగో రోజుకు వియ్యంకులయ్యారనీ ఆయన సెలవిచ్చాడు. విన్నవాళ్లలో రోజూ ఫిష్‌ప్లేట్లు బిగించే గ్యాంగ్‌మన్లు కూడా ఉన్నారు. ‘అదా సంగతి’ అని వాళ్లూ తలలూపారు.

ఆయన విద్యకు సూత్రం ఒకటే. సంవత్సరం లేని కథ పుకారు. సంవత్సరం ఉంటే చరిత్ర. మైలు నంబరు కూడా ఉంటే రైల్వే రికార్డు, ఇక దాని మీద అప్పీలు లేదు.

ఈ పిచ్చి ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు. ఆరేళ్ల కిందట విజయనగరంలో ఒక పెళ్లికి వెళ్లారు. పంక్తిలో భార్య కోటేశ్వరి వడ్డించేవాళ్లతో, ‘మా ఆయనకి ఆవిరి తగ్గింది, చారు ముందెయ్యండి’ అంది. పంక్తి పంక్తంతా నవ్వింది. ‘అదేం తెలుగమ్మా, ఊరూ పేరూ లేని మాటలు!’ అన్నాడొక పెద్దాయన. కోటేశ్వరి తల వంచుకుని అన్నం తినేసి లేచింది. ఆ పెళ్లిలో మళ్లీ నోరు విప్పలేదు. ఆమె అలా తల వంచుకోవడం భీమశంకరానికి ఇప్పటికీ మింగుడు పడలేదు. తిరిగొచ్చిన మొదటి ఆదివారమే ఆయన మాటలకు ఊరూ పేరూ పెట్టడం మొదలుపెట్టాడు.

1962 ఆగస్టులో ఒక ఆదివారం ఒక కొత్త మనిషి వరండాలోకి వచ్చాడు. తెల్లటి పంచె, చేతిలో గొడుగు, జేబులో చిన్న నోటుబుక్కు. పేరు సోమేశ్వరరావు అనీ, వాల్తేరు నుంచి బదిలీ మీద వచ్చి నెలయిందనీ చెప్పి, బల్ల చివర ఒదిగి కూర్చున్నాడు. ఏ ఉద్యోగమో ఆయన చెప్పలేదు, వీళ్లు అడగలేదు.

“ఇక్కడ డుంబాసు అంటారండీ. ఏమిటి దానర్థం?” అన్నాడు.

వరండాలో ఉన్న పాతికమందీ సర్దుకుని కూర్చున్నారు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు భీమశంకరం మొహం వెలిగిపోయింది. అది ఆయన కథలన్నిటిలోకి పెద్ద కథ. మూడేళ్లుగా చెబుతున్నాడు, చెప్పిన ప్రతిసారీ పెరుగుతోంది.

“అర్థం సులువే. పని చేసేవాడి పక్కన నిలబడి తన చెమట తుడుచుకునేవాడు డుంబాసు. కాని అది ఎలాగ పుట్టింది? 1904లో, డెబ్బై ఆరో మైలు దగ్గిర, లైను తనిఖీ చేసే దొర ఒకడుండేవాడు. ట్రాలీ మీద కూకుంటే నలుగురు ట్రాలీమన్లు తోసేవారు. దొరకి ఒక కోతి. దాని పేరే డుంబాసు. ఒకసారి దొరకి జ్వరం తగిలింది. సెలవు పెట్టడానికి నామోషీ. ఏటి చేసినాడు? కోతికి తన టోపీ పెట్టి, మెళ్లో విజిల్ కట్టి, ట్రాలీ మీద కూచోబెట్టి పంపించినాడు. అది ఊదితే తోసినారు, చెయ్యి ఊపితే ఆపినారు. పదకొండు రోజులు! ఎప్పుడూ లేనంత బాగా తనిఖీ జరిగిందని పైనించి మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చినాది.”

జనం విరగబడి నవ్వారు. వెనక వరసలో సూసన్న తాత నవ్వలేదు, గంభీరంగా తల ఊపాడు. డెబ్బై అయిదేళ్ల ఆ రిటైరైన ట్రాలీమన్, ‘ఆ కోతిని నేను సూసినాను, సెనగలెట్టినాను’ అని మూడేళ్లుగా మనవలకు చెబుతున్నాడు.

కొత్త మనిషి నవ్వలేదు. నోటుబుక్కు తీశాడు. “ఏ సంవత్సరమన్నారు?”

“1904.”

“మైలు?”

“డెబ్బై ఆరు.”

ఇంత శ్రద్ధగల శిష్యుడు ఆయనకు ఇంతవరకు దొరకలేదు. సోమేశ్వరరావు రాసుకుని, నమస్కారం పెట్టి, గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ పూట భీమశంకరం రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

మంగళవారం ఆయన బల్ల మీదికి ఒక చార్జిషీటు చిత్తుప్రతి వచ్చింది. పంపినవాడు కమ్మరి షాపు కొత్త ఫోర్‌మన్, పేరు సోమేశ్వరరావు. ఇంగ్లీషులో ఉన్న దాని సారాంశం ఇది: భద్రయ్య అనే హామర్‌మన్, పదహారో తారీకు ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, పదిహేడుమంది సిబ్బంది ఎదుట, ‘డుంబాసు గారొచ్చినారు, సుత్తి ఆపండి’ అని, తన పై అధికారిని 1904లో డెబ్బై ఆరో మైలు వద్ద ఉండిన ఒక కోతి పేరుతో పిలిచాడు. ఆధారం: హెడ్ క్లర్కు శ్రీ భీమశంకరం గారు స్వయంగా ఇచ్చిన వివరణ.

భీమశంకరం రెండుసార్లు చదివాడు. చేతులు మాత్రం అలవాటు ప్రకారం పని చేసుకుపోయాయి. ఫైలు నంబరు వేశాయి, తారీకు కింద గీత గీశాయి. ఆ తర్వాత నిప్పు తొక్కినవాడిలా లేచి కమ్మరి షాపుకు పరిగెత్తాడు.

“ఫోర్‌మన్ గారూ, ఆ కోతి లేదండీ. నేను కల్పించినాను.”

సోమేశ్వరరావు కుర్చీ చూపించాడు. “మీరు దయగలవారు. ఆ మనిషిని కాపాడాలని చూస్తున్నారు. కాని కల్పించేవాళ్లు మైలు నంబరు చెబుతారా?”

ఆ సూత్రం భీమశంకరానిదే.

“ఒక మాట చెబుతాను వినండి,” అన్నాడు సోమేశ్వరరావు, కిటికీలోంచి బయటికి చూస్తూ. “ఈ ఊళ్లో నాకెవరూ లేరు. ఆ రోజు అతను ఆ మాట అంటే అందరూ నవ్వారు. మంచి మాటేమో, నన్ను కలుపుకుంటున్నారేమో అనుకున్నాను. అలాగే అయ్యుండాలని కోరుకుంటూ మీ దగ్గరికొచ్చాను.”

భీమశంకరం తిరిగొచ్చి చార్జిషీటు మూడు కాపీలు టైపు చేయించి, పైసంతకానికి పంపించి, డిస్పాచి నంబరు వేశాడు. ఆపడానికి ఆయనకు అధికారం లేదు. సంగతి విన్న కోటేశ్వరి, “మీకు నిజం చెప్పడం అలవాటు లేదు. మొదటిసారికే నమ్మెయ్యమంటే ఎవరు నమ్ముతారు?” అంది. ఆమెకు కోతి సంగతి మొదటినుంచీ తెలుసు. ఇంట్లో ఆయన పొయ్యి పక్కన నిలబడి సలహాలు చెప్పినప్పుడల్లా ఆమె ఆయన్ని పిలిచే పేరు కూడా డుంబాసే.

గురువారం సాయంత్రం భద్రయ్య, అతని భార్య అప్పలకొండ ఝపటాపూర్ నుంచి నడుచుకుంటూ భీమశంకరం క్వార్టరుకు వచ్చారు. పందొమ్మిదేళ్లు సుత్తి ఎత్తిన మనిషి భద్రయ్య. కుర్చీలో కూర్చోమంటే కూర్చోక గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

“ఒప్పేసుకుంటాను బాబూ,” అన్నాడు. “తెలీక అన్నాను. మీరు ఆ కత సెప్పిన ఆదోరాలు నాకు డూటీ పడిపోనాది. అదొక కోతి పేరని తెలిస్తే ఫోర్‌మన్ బాబుని అలాగ పిలుద్దునా? నలుగురూ అంటే నానూ అనీసినాను.”

“ఒప్పుకుంటే ఏటవుతుందో తెలుసా? వచ్చే నెల మేస్త్రీ పరీక్షకి నిన్ను కూచోనివ్వరు.”

“తెలుసు బాబూ.” భద్రయ్య కుడి మోచెయ్యి పట్టుకున్నాడు. “ఈ సెయ్యి ఇంకో రెండేళ్లయినా సుత్తెత్తదు. మేస్త్రీనైతే ఎత్తక్కర్లేదనుకున్నాను. ఏటి సేస్తాం.”

భీమశంకరం కుర్చీలోంచి లేచాడు. “ఆ కోతి లేదయ్యా,” అన్నాడు. “నేను కల్పించినాను. దొర లేడు, ట్రాలీ లేదు, ఏవీ లేదు.”

భద్రయ్య చేతులెత్తి దణ్ణం పెట్టాడు. “మా కోసం అబద్దమాడకండి బాబూ. మీ నోటంట అబద్దం రాకూడదు. మా పిల్లలకి మీ మాటే సెప్పుకుంటాం.”

పొగిడి చెంపదెబ్బ కొట్టడమంటే ఏమిటో భీమశంకరానికి ఆ సాయంత్రం తెలిసింది. ఆయన బల్ల మీద చెయ్యి వేసి కూర్చుండిపోయాడు. అంతవరకు మాట్లాడని అప్పలకొండ కొంగు సర్దుకుని ముందుకొచ్చింది.

“ఒక సంగతి సెప్పండి బాబుగోరూ. ఆ కోతి మంచిదా, సెడ్డదా?”

“అంటే?”

“కోతులన్నీ ఒకలాగే ఉంటాయేటి? మడుసుల్లో మంచోళ్లు లేరా? అది ఎలాటి కోతో ఎవులూ అడగనేదు గదా.”

లేని కోతి గుణగణాలు చెప్పడం భీమశంకరానికి ఆ క్షణంలో చేతకాలేదు. పనిలో పడి మూడేళ్లుగా దానికి టోపీ పెట్టాడు, విజిల్ పెట్టాడు, గుణం పెట్టడం మర్చిపోయాడు. “సూసన్న తాతని అడగాల,” అని గొణిగాడు, ఆమెను పంపించెయ్యడానికి.

మర్నాడు ఆయన కూడా సూసన్న ఇంటికే వెళ్లాడు. విచారణలో ఫోర్‌మన్ తరఫు సాక్షుల జాబితాలో సూసన్న పేరుంది. కోతిని కళ్లారా చూసిన మనిషి ఊళ్లో అతనొక్కడే మరి. ముసలాయన, కోడలు కృపమ్మ ముంగిట్లో వేసిన మంచం మీద కూర్చుని సైకిల్ ట్యూబు ముక్కతో చెప్పు అతికించుకుంటున్నాడు.

“తాతా, చూడలేదని చెప్పు. చాలు. భద్రయ్య బతుకుతాడు.”

“సూసినాను గదా బాబూ.”

“లేని కోతిని ఎలాగ చూసినావు?”

సూసన్న చెప్పు పక్కన పెట్టాడు. “మనవలు ఆరుగురు. ‘మా తాత డుంబాసుకి సెనగలెట్టినాడు’ అని బళ్లో సెప్పుకుంటన్నారు. ఇప్పుడు నేను సూడలేదంటే ఆళ్ల మొహం ఏటవుతాది? మీరే సెప్పండి.”

మొహం ఏమవుతుందో భీమశంకరానికి తెలుసు. విజయనగరం పంక్తిలో చూశాడు. ఆయన లేచి వచ్చేశాడు. వీధి మలుపులో అప్పలకొండ ఎదురైంది. ఆమె సూసన్న ఇంటికి వెళ్తోంది, కొంగున శనగల పొట్లం ఉంది.

విచారణ సోమవారం జరిగింది. విచారణాధికారి ఘోషాల్ బాబు ఇరవై ఏళ్లుగా తెలుగువాళ్ల మధ్య పనిచేసి, తెలుగు బాగా అర్థమయ్యే మనిషి. మాట్లాడేది మాత్రం ఎవరికీ పూర్తిగా సొంతం కాని హిందీ. గదిలో బల్లకు ఒక పక్క సోమేశ్వరరావు, రెండో పక్క భద్రయ్య. కిటికీ అవతల కమ్మరి షాపులో సగంమంది ఉన్నారు.

మొదటి సాక్షి భీమశంకరం. చొక్కా బొత్తాం మెడదాకా పెట్టుకుని, నిలబడి చెప్పాడు.

“ఆ కోతి లేదండీ. ఆ కథ నేను కల్పించినాను.”

ఘోషాల్ కళ్లజోడు సర్దుకున్నాడు. “ఎందుకు?”

ఎందుకో చెప్పడానికి భీమశంకరం విజయనగరం పెళ్లి దాకా వెళ్లవలసి వచ్చింది. భార్య పేరు ఎత్తలేదు. ‘మా ఇంటి మనిషి’ అన్నాడు. ఆ మనిషి తల వంచుకుందన్నాడు. మన మాటలకి ఒక ఊరూ పేరూ ఉంటే ఇంకెప్పుడూ అలా తల వంచుకోనక్కర్లేదనుకున్నానన్నాడు. చెబుతూ మెడ దగ్గర బొత్తాం విప్పుకున్నాడు.

“అన్నీ కల్పించారా?” అన్నాడు ఘోషాల్.

“అన్నీ.”

“ఫిష్‌ప్లేటు కూడానా? బాలాసోర్ గార్డులు?”

“లేరండీ.”

ఘోషాల్ కలం ఆగింది. బాలాసోర్ గార్డుల కథ ఆయన తన కూతురు పెళ్లిలో వియ్యంకుడికి చెప్పి, కౌగిలించుకున్నాడు. కాసేపు కిటికీ వైపు చూసి, కాగితం మీద నెమ్మదిగా ఒక వాక్యం రాశాడు: సాక్షి తోటి ఉద్యోగి మీద జాలితో ఉద్రేకంలో ఉన్నాడు.

“ఠీక్ హై. కూర్చోండి.”

రెండో సాక్షి సూసన్న. ఉతికిన కోటు వేసుకుని, రైల్వేవాళ్లు రిటైరైనప్పుడిచ్చిన కర్ర పట్టుకుని వచ్చాడు. కోతిని చూశావా అంటే చూశానన్నాడు. ఎక్కడ అంటే డెబ్బై ఆరో మైలు దగ్గర అన్నాడు. ఏ సంవత్సరమంటే 1904 అన్నాడు. ఘోషాల్ మూడూ రాసుకున్నాడు. సోమేశ్వరరావు తల దించుకుని నోటుబుక్కు చూసి సరిపోయిందన్నట్టు తల ఊపాడు. భీమశంకరం కళ్లు మూసుకున్నాడు. భద్రయ్య పని అయిపోయింది.

“ముద్దాయి ఏమైనా అడుగుతాడా?” అన్నాడు ఘోషాల్, ఫైలు మూస్తూ.

భద్రయ్య లేచాడు. ఇంటి దగ్గర అప్పలకొండ పదిసార్లు వల్లె వేయించిన ప్రశ్న అది.

“తాతా, ఆ కోతి ఎలాటిది?”

సూసన్న కర్రను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

“మంచిది,” అన్నాడు. “అలాటి మేస్త్రీ మరి రానేదు. నీలం కోటు, ఇత్తడి బొత్తాలు. ఎప్పుడూ ఒక కూలోడి మీద సెయ్యెత్తనేదు. ఎవడి హాజరీ కొట్టెయ్యనేదు. ఎండ ముదిరితే తనే విజిలూది ట్రాలీ ఆపించి, సెట్టు నీడకి మళ్లించేది. ఒకనాడు మంచు. నలుగురం తోస్తన్నాం. ఎనకమాల గూడ్సు బండొస్తన్నాది, మాకు తెలీదు. టైంటేబిల్లో లేని బండి. డుంబాసు సూసినాది. ఎంత ఊదినాదనుకున్నారు! గొంతు పగిలిపోయేలాగ ఊదినాది. నలుగురం ట్రాలీని పక్కకి దొల్లించీసి, గట్టు కిందకి దూకినాం. నలుగురమూ బతికినాం.”

ముసలాయన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు. “అప్పటినించీ మాలో మేం, మంచి ఆఫీసరొస్తే డుంబాసొచ్చినాడనుకునేవోళ్లం. అందరికీ ఆ పేరు పెట్టీవోళ్లం కాం బాబూ.”

కిటికీ అవతల ఎవరో ముక్కు చీదుకున్నారు. ఒక్క క్షణం భీమశంకరానికి కూడా ఆ కోతి గుర్తొచ్చింది. నీలం కోటు ఆయనకు స్పష్టంగా కనబడింది.

సోమేశ్వరరావు నోటుబుక్కు జేబులో పెట్టుకుని లేచాడు. “నేను కథ సగమే విన్నానండి. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను,” అన్నాడు. తర్వాత సూసన్న వైపు తిరిగి, “నీలం కోటేనా?” అని అడిగాడు.

“నీలమే బాబూ.”

తీర్పు టైపు చేయించవలసింది మళ్లీ భీమశంకరమే. ఆరోపణ రుజువు కాలేదు. ప్రత్యక్ష సాక్షి వాంగ్మూలం నమ్మదగినది. మొదటి సాక్షి, హెడ్ క్లర్కు, చెప్పినది నమ్మదగినది కాదు. ఆరేళ్లలో ఆయన బహిరంగంగా పలికిన మొదటి నిజం గురించి రైల్వే అభిప్రాయం అది. ఒక్క అక్షరం మార్చకుండా మూడు కాపీలు తీయించి, డిస్పాచి నంబరు వేశాడు.

సాయంత్రం సైరన్ మోగాక గేటు బయట టీ బడ్డీ దగ్గర సూసన్న కనిపించాడు. భీమశంకరం రెండు టీలు చెప్పి పక్కన కూర్చున్నాడు.

“తాతా, ఆ గూడ్సు బండి ఎక్కడిది?”

“కోతిని మీరిచ్చినారు. మంచిదో సెడ్డదో సెప్పమని అప్పలకొండ అడిగినాది. మిగతాది నేను సూసుకున్నాను.” సూసన్న టీ ఊదుకున్నాడు. “ఆదోరం ప్రార్తనలో సెప్పుకున్నాను లెండి. నా దేవుడికి రైల్వే సంగతులు తెల్సు.”

“బాగా ఏడిసినావు.”

సూసన్న గ్లాసు కింద పెట్టాడు.

“అది నిజమే బాబూ. ఆ మంచు నిజం, ఆ బండీ నిజం. నలుగురం తోస్తన్నాం. ముగ్గురు పోనారు. విజిలూదినోడు ఎవుడూ లేడు.”

కప్పు మీద నుంచి వాన చినుకులు బల్ల మీద పడుతున్నాయి. ఏ సంవత్సరం అని, ఏ మైలు అని భీమశంకరం అడగలేదు. ఆయన తన టీ కూడా ముసలాయన వైపు జరిపాడు. ఇంత బరువున్న కథ తన నోట ఒక్కటీ రాలేదని, రాకపోవడమే మంచిదని అనుకున్నాడు.

భద్రయ్య మేస్త్రీ పరీక్ష ప్యాసయ్యాడు. సోమేశ్వరరావు షాపులో తిరిగేటప్పుడు ‘డుంబాసు గారొచ్చినారు’ అని ఎవరైనా అంటే చొక్కా సర్దుకుని చిన్నగా నవ్వుతున్నాడు. ఎండ ముదిరితే పది నిమిషాలు పని ఆపిస్తున్నాడు కూడా. భీమశంకరం మాత్రం మూడు ఆదివారాలు రీడింగ్ రూముకు వెళ్లలేదు. నాలుగో ఆదివారం కోటేశ్వరి గొడుగు చేతికిచ్చి, “పొయ్యి దగ్గిర మీరు నిలబడితే నాకు వంట సాగటం లేదు. వెళ్లండి,” అంది.

వరండా నిండా జనం. ముందు వరసలో సోమేశ్వరరావు, పక్కన భద్రయ్య, స్తంభానికి ఆనుకుని సూసన్న. విచారణలో భీమశంకరం తన కథను తానే అబద్ధమన్నాడన్న సంగతి అందరికీ తెలుసు. భద్రయ్య కోసం అంత పెద్దమనిషి పేరు పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డాడని ఇంకా ఎక్కువ గౌరవంతో లేచి నిలబడ్డారు. ఆయన పడక్కుర్చీలో కూలబడ్డాడు.

ఇంజనీరింగ్ విద్యాసంస్థ హాస్టల్ నుంచి వచ్చిన సుబ్బరాజు అనే గోదావరి కుర్రవాడు లేచి, “మా హాస్టల్లో బుర్రాంపు అంటారండి. పుస్తకం తెరిచి ఉంటుంది, మనిషి మాత్రం ఎటో వెళ్లిపోయి ఉంటాడు, అదండి బుర్రాంపు. ఎక్కడినుంచి వచ్చిందండి ఆ మాట?” అని అడిగాడు.

అందరూ భీమశంకరం వైపు చూశారు. ఆయన లోపల అప్పటికే ఒక స్టేషను మాస్టరు లాంతరు పట్టుకుని నడిచి వస్తున్నాడు. ఆయన ఆ స్టేషను మాస్టరును ఆపేశాడు.

“తెలీదు,” అన్నాడు.

సుబ్బరాజు తప్పు చేసినవాడిలా మొహం పెట్టి, “ఏదో ఊరూ పేరూ లేని మాట లెండి,” అంటూ కూర్చోబోయాడు.

ఆ మాట భీమశంకరానికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. కానీ ఆయన నోరు తెరిచేలోపు భద్రయ్య లేచి నిలబడ్డాడు. పెద్ద పెద్ద చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు.

“నాకు తెల్సు,” అన్నాడు. “ఒక గార్డు బాబుండేవోడట. బండి ఎనకమాల కూకుని బుక్కు సదివీవోడట. బండి ఎల్లిపోయినా, ఈయన డబ్బా ఊడిపోయి ఏ ఊర్లోనో ఉండిపోయినా, తెలిసేది కాదట. ఆయన పేరే...” ఇక్కడ అతను ఆగిపోయి చెమట తుడుచుకున్నాడు. “ఆయన పేరే బుర్రాంపు.”

కథ అక్కడ నిలబడిపోయింది. నిలబెట్టడానికి దానికింద ఏమీ లేదని వరండాలో ప్రతి ఒక్కరికీ తెలుస్తోంది. సుబ్బరాజు పైకీ కిందికీ చూస్తున్నాడు. స్తంభం దగ్గర సూసన్న కర్రతో నేలమీద చిన్నగా తట్టాడు.

“అడగండి బాబూ,” అన్నాడు భీమశంకరంతో. “పాపం, ఆడు ఎదురుసూస్తన్నాడు.”

భీమశంకరం పడక్కుర్చీలో ముందుకు వంగాడు.

“ఏ సంవత్సరం?” అన్నాడు.

భద్రయ్య పెంకుల వైపు చూశాడు. “పంతొమ్మిది వందల...”

“తొమ్మిది,” అన్నాడు భీమశంకరం. “మైలు నంబరు ఏటి?”